ఓడ వచ్చిన రోజే కూలి: శాన్‌ఫ్రాన్సిస్కో రేవు మీద నవల రాస్తున్న పాఠకురాలికి

ప్రశ్న: రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలపు శాన్‌ఫ్రాన్సిస్కో నేపథ్యంగా ఒక నవల మొదలుపెట్టాను. కథానాయకుడు సూరయ్యది కాకినాడ దగ్గర పల్లె. ఓడలో కళాసీగా వెళ్లి 1926లో అక్కడ దిగిపోతాడు. డాక్‌లో కూలీగా చేరతాడు, ఐరిష్ అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు, అమెరికా పౌరుడవుతాడు, ఇల్లు కొంటాడు. 1934 సమ్మె పతాక సన్నివేశం. తేదీలన్నీ సరిచూసుకున్నాను. అయినా చదివినవాళ్లు "మనుషులు బొమ్మల్లా ఉన్నారు, ఊరు కనబడటం లేదు" అంటున్నారు. మా నాన్న విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి డాక్ నాకు కొత్త కాదు. ఎక్కడ తప్పుతోందో చెప్పగలరా? మొదటి అధ్యాయం జతచేశాను.
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, మీ మొదటి అధ్యాయం శ్రద్ధగా చదివాను. మీ వాక్యం బాగుంది, మనుషుల మీద మీకు ప్రేమ ఉంది. లోపం ఉన్నది సూరయ్య జేబులో. అతను ఒకటో తారీఖున జీతం కవరు పట్టుకుని ఇంటికొస్తాడు, దారిలో భార్యకు గౌను కొంటాడు. ఆ ఒక్క కవరుతో మీ ఊరు మాయమైపోయింది. 1934కు ముందు ఆ రేవులో సరుకు దింపే కూలీకి నెల జీతం లేదు, వారం జీతం లేదు, రేపు పని ఉంటుందన్న మాట కూడా లేదు. ఓడ రావాలి, వచ్చిన ఓడకు మేస్త్రీ అతన్ని పిలవాలి. అప్పుడే కూలి. ఇంట్లో ఏం వండారు, పిల్లవాడి బూట్లకు కొత్త అడుగులు పడ్డాయా లేదా, ఆ రాత్రి మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్నారా లేదా, అన్నీ దాన్నిబట్టే నడిచేవి. దాన్ని వదిలేసి మీరు తేదీలు ఎన్ని పేర్చినా మనుషులు కదలరు.

కాబట్టి మొదటి అధ్యాయాన్ని తెల్లవారకముందే మొదలుపెట్టండి. మార్కెట్ వీధి సముద్రాన్ని తాకే చోట ఫెర్రీ బిల్డింగ్ ఉంటుంది. 1898లో తెరిచిన కట్టడం, దాని మీద 245 అడుగుల గడియారపు గోపురం. ఆ ముందున్న రోడ్డు పేరు ఎంబార్కడేరో. మన ఊళ్లలో కూడలి దగ్గర అడ్డా కూలీలు నిలబడతారు, మేస్త్రీ బండి ఆగగానే చుట్టూ మూగుతారు కదా, అచ్చంగా అదే అక్కడా. చీకట్లో, పొగమంచులో వందల మంది గుంపుగా నిలబడేవారు. గ్యాంగ్ మేస్త్రీ వచ్చి, నువ్వు, నువ్వు, అదిగో నువ్వు అని వేలు చూపిస్తాడు. వేలు పడినవాడు పీర్ (ఓడలు ఆగే కట్ట) వైపు నడుస్తాడు. పడనివాడు ఇంకో పీర్ దగ్గరికి, అక్కడా లేకపోతే మరో దానికి. ఫెర్రీ బిల్డింగ్‌కు ఉత్తరాన బేసి అంకెల పీర్లు, దక్షిణాన సరి అంకెల పీర్లు. ఈ చిన్న సంగతి తెలిస్తే మీ మనిషి ఏ పొద్దున ఎటు నడిచాడో తప్పు లేకుండా రాయగలరు.

మేస్త్రీ చూపు తన మీద పడటానికి ఏం చేయాలో అందరికీ తెలుసు. ఒక సీసా, కూలిలో కొంత వాటా. 1920 నుంచి 1933 డిసెంబరు దాకా మద్యనిషేధం ఉంది, కాబట్టి ఆ సీసా సంపాదించడం కూడా ఒక కథే. పైగా జేబులో నీలం అట్ట పుస్తకం ఉండాలి. 1919లో సమ్మె ఓడిపోయాక పాత సంఘం చితికిపోయింది, యజమానులకు నచ్చిన సంఘం ఒకటి వచ్చింది, దాని సభ్యత్వ పుస్తకం అది. చందా కట్టినట్టు లేకపోతే పని లేదు. సూరయ్యకు గానీ, అతని స్నేహితుడికి గానీ ఆ పుస్తకం అంటే ఎంత అసహ్యమో, అది పోగొట్టుకుంటే ఎంత భయమో రాయండి. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

అదే సమయంలో, అదే కట్టడంలోంచి ఇంకో జనం బయటికొస్తారు. అప్పటికి ఊరి నుంచి బే (అఖాతం) దాటి ఓక్లాండ్ వైపుకు గానీ, సాసలిటో వైపుకు గానీ వంతెన లేదు. ఓక్లాండ్, బర్కిలీ, సాసలిటో వైపు నుంచి గుమాస్తాలు, టైపిస్టులు, బ్యాంకు ఉద్యోగులు ఫెర్రీల్లో దిగేవారు, ఒక్కోరోజు 50,000 మంది దాకా. టోపీలు, కోట్లు, చేతిలో మడిచిన పేపరు. నెల జీతాల మనుషులు, ఆ పూట పిలుపు రాని మనుషుల పక్కనుంచి నడిచి వెళ్లి 5 సెంట్ల ట్రామ్ ఎక్కుతారు. మీ అధ్యాయానికి ఇంతకన్నా మంచి ప్రారంభం దొరకదని నా నమ్మకం.

ఇప్పుడు లెక్క చూడండి. 1933 చివరికి గంటకు 85 సెంట్లు. ఎనిమిది గంటలకు 6 డాలర్ల 80 సెంట్లు. వినడానికి మంచి కూలే. కానీ వారంలో రెండు రోజులే పిలుపు వస్తే మొత్తం 13 డాలర్ల 60 సెంట్లు. ఓడ ఆలస్యమైతే పీర్ మీద కాచుకుని కూర్చున్న గంటలకు పైసా రాదు. ఇంకో వారం ఓడ తొందరలో ఉంటే, పగలూ రాత్రీ ఆపకుండా ఇరవై నాలుగు గంటలు, అంతకు మించీ పని. అలసిపోయానని మధ్యలో వెళ్లిపోతే ఆ మేస్త్రీ మళ్లీ పిలవడు. చావగొట్టే పని, లేదంటే ఖాళీ చేతులు. 'కష్టజీవి' అని మీరు మూడుచోట్ల రాశారు. ఆ మాట తీసేసి ఈ లెక్కను పెట్టండి, చాలు.

పని కూడా దగ్గర్నుంచి చూపించండి. మీ నాన్నగారు పక్కనే ఉన్నారు, అదెంత అదృష్టమో! బ్రెజిల్ కాఫీ బస్తా 60 కిలోలు. హ్యాచ్‌లోకి (ఓడలోని సరుకు గదిలోకి) దిగి, బస్తాలు స్లింగ్ (ఎత్తే తాళ్ల వల) మీద పేర్చి, వించ్ (ఎత్తే యంత్రం) పైకెత్తేలోపు పక్కకు తప్పుకోవాలి. అడ్డకర్ర పిడికి వంచిన ఉక్కు ముక్క దిగ్గొట్టిన కొక్కెం ప్రతి కూలీ వెనక జేబులో వేలాడుతుంది. దాని పిడి అరచేతిలో ఎక్కడ కాయ కాయిస్తుంది? బస్తా చిరగకుండా కొక్కేన్ని ఏ మూల దించాలి? సాయంత్రానికి ముందు నొప్పెట్టేది భుజమా, నడుమా? నాన్నగారిని అడగండి. ఈ జవాబులు ఏ లైబ్రరీలోనూ దొరకవు.

ఊరు కనబడటం లేదన్నారు కదా, ముందు వాసనలు రాయండి. ఆ రేవుకు కాఫీ వాసన ఉంది. హిల్స్ బ్రదర్స్ అనే కాఫీ కంపెనీ వాళ్లు 1926లో ఎంబార్కడేరో మీదే పెద్ద ఎర్ర ఇటుకల కట్టడం కట్టారు. కాఫీ గింజలు వేయిస్తుంటే వాసన పీర్ల మీదుగా పాకేది. పిలుపు రాక నిలబడ్డవాడికి ఆ వాసన ఎలా ఉంటుందో మీరే ఊహించండి. హవాయి నుంచి పంచదార, మధ్య అమెరికా నుంచి అరటి గెలలు, ఫిలిప్పీన్స్ నుంచి కొబ్బరి కురిడీలు. వింటున్నారా, కురిడీలు! కాకినాడ వైపు పిల్లవాడికి ఆ ముక్క వాసన, దాని మీద పాకే పురుగులు కళ్లు మూసుకున్నా తెలుస్తాయి. సూరయ్యకు ఇల్లు గుర్తురావడానికి మీరు వెన్నెలను తెచ్చారు. కురిడీ గోనెను తెండి.

ఇల్లు టెలిగ్రాఫ్ హిల్ మీద పెట్టారు, అది మంచి ఆలోచన. అప్పట్లో అది కూలివాళ్లు, ఇటాలియన్ కుటుంబాలు ఉండే గుట్ట. చెక్క మెట్లు, చెక్క ఇళ్లు, కింద పీర్లు. ఆ గుట్ట మీంచి చూస్తే ఏ ఓడ లోపలికొస్తోందో కనబడుతుంది. అంటే ఆ ఇంటి ఆడమనిషి వంటింటి కిటికీలోంచి ఈ వారం కూలి వస్తుందో రాదో తన కళ్లతో చూడగలదు. ఈ కిటికీ మీ నవలకు ప్రాణం అవుతుంది. దాని పక్కన కిరాణా కొట్టు అరువు పుస్తకం పెట్టండి. పక్కన నార్త్ బీచ్‌లో అంతా ఇటాలియన్లే. మొక్కజొన్న పిండితో చేసే పొలెంటా, కూరగాయల సూపు, పుల్లటి సౌర్‌డో రొట్టె, నవంబరు దాటితే పీతలు. శరదృతువులో రైలు పెట్టెల్లో ద్రాక్షపళ్లు దిగేవి. మద్యనిషేధం ఉన్నా ఇంటివాడకానికి ద్రాక్షరసం తీసుకోవచ్చన్న వెసులుబాటు చట్టంలో ఉంది, దాన్ని పట్టుకుని ప్రతి నేలమాళిగలో పీపాలు నిండేవి. చేపల పడవల కుటుంబాలు ఆ వాడలోనే ఉండేవి. తర్వాత బేస్‌బాల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న జో డిమాజియో అలాంటి ఒక జాలరి కొడుకే. 1933లో ఊరి జట్టు సీల్స్ తరఫున వరసగా 61 ఆటల్లో హిట్ కొట్టాడు. ఆ వేసవి కూలీలు ఏం మాట్లాడుకున్నారో మీకు ఇక సందేహం ఉండక్కర్లేదు.

ఆ గుట్ట కిందే, ఎంబార్కడేరో పక్కన, లోయిస్ జోర్డన్ అనే ఆవిడ నిరుద్యోగులకు తిండి పెట్టేది. జనం ఆమెను 'వైట్ ఏంజెల్' అనేవారు. ఆ క్యూలో నిలబడ్డ ఒక ముసలాయన్ను 1933లో డొరొతియా లాంజ్ అనే ఫోటోగ్రాఫర్ ఫోటో తీసింది. అందరూ అటు తిరిగి ఉంటే, నలిగిన టోపీ పెట్టుకున్న ఆయన ఒక్కడే ఇటు తిరిగి కమ్మీ మీదికి వాలి ఉంటాడు, చేతుల మధ్య రేకు డబ్బా. ఆ ఫోటో వెతికి చాలాసేపు చూడండి. మీ నవలలో మాంద్యం గురించి ఉన్న రెండు పేజీల ఉపన్యాసం అప్పుడు అక్కర్లేదు.

చిన్న దిద్దుబాట్లు త్వరగా చెప్పేస్తాను. 1930 జూలైలో సూరయ్య దంపతులు గోల్డెన్ గేట్ వంతెన చూస్తారు. దాని పని మొదలైంది 1933 జనవరిలో, తెరిచింది 1937 మే 27న. ఓక్లాండ్ వైపు బే బ్రిడ్జి 1936 నవంబరులో వచ్చింది. అల్కట్రాజ్ ఫెడరల్ జైలు అయింది 1934లో, అంతకుముందు అది సైన్యం జైలు. ఇంకొకటి, జూలైలో ఆ ఊళ్లో చెమటలు పట్టవు. వేసవిలో పసిఫిక్ మీంచి చల్లటి పొగమంచు కమ్ముకుంటుంది, కోటు లేకుండా బయటికి రాలేరు. అక్కడి ఎండ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మీ "జూలై ఎండకు కాగిపోతున్న మెట్లు" అన్న వాక్యం అందంగా ఉంది, అయినా తీసేయాలి.

ఇక సూరయ్య సంగతి. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మీ కథ వెన్నెముక ఇదే.

అతను పౌరుడు కాలేడు. 1917 వలస చట్టం భారతదేశాన్ని నిషేధ ప్రాంతంలో చేర్చింది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. ఆ తలుపు తెరుచుకుంది 1946లో. అంతకుముందు పౌరసత్వం వచ్చినవాళ్ల దగ్గర్నుంచి కూడా వెనక్కి లాక్కున్నారు. వైష్ణోదాస్ బగాయ్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టుకుని భార్యాబిడ్డలతో స్థిరపడ్డారు, 1921లో పౌరుడయ్యారు. తీర్పు తర్వాత అది పోయింది, దానితో పాటు ఆస్తి హక్కులూ పోయాయి. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నారు. కారణం రాసిపెట్టిన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. మీ సూరయ్య 1928లోనే ఇల్లు కొంటాడు. ఆ ఊరు, ఆ ఏడాది అని తెలిశాక ఆ అధ్యాయం అలాగే ఉంచడం మీకూ ఇష్టం ఉండదు.

పెళ్లి విషయమూ అంతే. 1922 కేబుల్ చట్టం ప్రకారం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకునేది. 1931లో గానీ అది మారలేదు. మీ ఐరిష్ అమ్మాయి మేరీ ఆ సంగతి తెలిసి పెళ్లి చేసుకుందా, తర్వాత తెలిసిందా? నన్నడిగితే నవలంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగవచ్చు. ఓడ దిగి పారిపోయినవాడు కాబట్టి సూరయ్యను ఏ రోజైనా పట్టుకుని పంపేయవచ్చు. పోలీసు కనబడితే అతను వీధి మారతాడు. ఓటరు జాబితా, కోర్టు, బ్యాంకు, ప్రతి కిటికీ దగ్గరా అతను పేరు చెప్పడానికి వెనకాడతాడు.

మరి అలాంటివాణ్ణి మేస్త్రీ వేలు చూపి పిలుస్తాడా? ఆ పీర్ల మీద పని ఎక్కువగా ఐరిష్, స్కాండినేవియన్, ఇటాలియన్, పోర్చుగీసు వాళ్లది. 1934కు ముందు నల్లజాతి కూలీలకే ఏవో కొద్ది పీర్ల మీద తప్ప పని దొరికేది కాదు. చైనీయులకు అసలు ప్రవేశమే లేదు. అందుకని సూరయ్యను రేవు పక్క హోటల్లో గిన్నెలు కడిగే పనిలో పెట్టండి. డాక్ కూలీ అతని ఇంటి యజమాని కావాలి, ఓ ఇటాలియన్. ఆ కుటుంబం గదిలో సూరయ్య అద్దెకుంటాడు. అప్పుడు కిటికీ, అరువు పుస్తకం, నీలం పుస్తకం అన్నీ అతని కళ్ల ముందే ఉంటాయి, కానీ అతను వాటికి బయటే ఉంటాడు.

తెలుగువాణ్ణి తీసేయమని మాత్రం అనడం లేదు. మన కోరంగి, కాకినాడ తీరం జనం ఎక్కువగా వెళ్లింది రంగూన్ వైపే, నిజమే. కాలిఫోర్నియాలో ఉన్న భారతీయుల్లో ఎక్కువమంది పంజాబీ రైతులు. అయినా మొదటి యుద్ధానికి ముందే దర్శి చెంచయ్య గారు కాలిఫోర్నియాలో చదువుకుంటూ, భారత స్వాతంత్ర్యం కోసం అక్కడి భారతీయులు పెట్టిన గదర్ పార్టీలో చేరారు. ఆ పార్టీ ఆఫీసు ఆ ఊళ్లోనే, వుడ్ వీధి 5వ నంబరు ఇంట్లో ఉండేది, మీ కథాకాలంలోనూ ఉంది. ఒంటరి తెలుగువాడు ఒక సాయంత్రం ఆ గుమ్మం దాకా వెళ్లి, లోపల వినబడే పంజాబీ అర్థం కాక నిలబడటం నమ్మదగిన దృశ్యమే.

సమ్మె గురించి అడిగారు. వద్దనను, కానీ తుపాకుల దగ్గర మొదలుపెట్టి తుపాకుల దగ్గర ఆపకండి. 1934 మే 9న మొదలై జూలై 31 దాకా, 83 రోజులు. అంటే ఆ వంటింట్లో 83 రోజులు కూలి లేదు. కొట్టువాడు ఎన్నాళ్లు అరువిచ్చాడు? ఏ రోజు ఆపేశాడు? జూలై 5న, 'బ్లడీ థర్స్‌డే' నాడు, మిషన్, స్టూవర్ట్ వీధుల కూడలిలో పోలీసు కాల్పులకు ఇద్దరు చనిపోయారు. ఒకరు డాక్ కూలీ హోవర్డ్ స్పెర్రీ. రెండోవారు నిక్ బోర్డోయిస్, గ్రీకు మూలాలున్న వంటవాడు, సమ్మెదారుల వంటశాలలో వండిపెడుతున్నాడు. వంటవాడు! ఇప్పుడు సూరయ్యను ఎందుకు హోటల్ వంటింట్లో పెట్టమన్నానో తెలిసిందా? పక్కన ఉల్లిపాయలు తరిగిన మనిషి చనిపోయాడు. శవయాత్రకు వెళ్తే పోలీసుల కంట పడతానేమోనని సూరయ్యకు భయం.

జూలై 9న ఆ యాత్ర మార్కెట్ వీధి వెంబడి సాగింది. పోలీసులు పక్కకు తప్పుకున్నారు, దారి చూసుకున్నది సంఘం మనుషులే. వేల మంది నడిచారు, నినాదాల్లేవు, అడుగుల చప్పుడే. సూరయ్య వెళ్లాడా లేదా అన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. జూలై 16 నుంచి 19 దాకా ఊరంతా సమ్మె. మధ్యలో 17న పోలీసులు కమ్యూనిస్టుల అడ్డాల మీద పడి వందల మందిని పట్టుకున్నారు. కాగితాలు లేనివాడికి అవి ఎలాంటి రాత్రులో మీరు బాగా రాయగలరు.

అసలు గెలుపు అక్టోబరులో వచ్చింది. మధ్యవర్తుల తీర్పులో గంటకు 95 సెంట్లు, రోజుకు ఆరు గంటలు. దానికన్నా పెద్దది, ఎంబార్కడేరో మీద ఆ పొద్దుటి గుంపు పోయింది. కూలీలను పంపే హాలు యజమానులూ సంఘమూ కలిసి నడపాలి, పిలిచే మనిషిని మాత్రం సంఘం ఎన్నుకోవాలి. పని పంచుకోవడం మొదలైంది, తక్కువ గంటలు చేసినవాడికి ముందు వంతు. హ్యారీ బ్రిడ్జెస్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డాక్ కూలీ, కూలి పెంపు కన్నా ఈ హాలు కోసమే పట్టుబట్టాడు. మన దేశంలో 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చి, రిజిస్టరు, వంతు, పని లేని రోజు హాజరు డబ్బు అనేవి ఏర్పడ్డాయి. అవి రాకముందు ఎలా ఉండేదో నాన్నగారికి వాళ్ల పెద్దవాళ్లు చెప్పే ఉంటారు, తప్పకుండా అడగండి. మీ పతాక సన్నివేశం నా దృష్టిలో ఇదీ: ఆ ఇటాలియన్ కూలీ, ఏ మేస్త్రీకీ ఏమీ ఇవ్వకుండా, తన వంతు వచ్చి పనికి వెళ్లి, ఆరు గంటలు చేసి వెలుతురు ఉండగానే ఇంటికొచ్చిన మొదటి రోజు. భార్య కంగారుపడుతుంది, దెబ్బ తగిలి వచ్చాడేమోనని.

చదవాల్సినవాటి కన్నా చూడాల్సినవి చెబుతాను. శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీ వారి పాత ఫోటోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వీధి పేరుతో వెతకండి, మనుషుల బూట్లు చూడండి. అమెరికా జనగణన పట్టీలు 1930వి, 1940వి ఇప్పుడు అందరికీ తెరిచి ఉన్నాయి. 1930లో ప్రతి ఇంటినీ అద్దె ఎంత, రేడియో ఉందా అని అడిగారు. 1940లో ఇంకా మంచి ప్రశ్న అడిగారు: 1939లో మొత్తం ఎన్ని వారాలు పనిచేశారు? టెలిగ్రాఫ్ హిల్ వీధులు ఏవైనా రెండు తీసుకుని, డాక్ కూలీల ఇళ్ల దగ్గర ఆ గడిలో ఏ అంకె ఉందో చూసుకుంటూ వెళ్లండి. తర్వాత మీ ఇటాలియన్ కుటుంబానికి అలాంటి పట్టీ ఒకటి మీరే నింపుకోండి. సూరయ్య పేరు అందులో రాయించుకున్నాడా, ఆ అధికారి వచ్చిన రోజు వెనక తలుపు నుంచి వెళ్లిపోయాడా అన్నది కూడా తేల్చుకోండి. మొదటి అధ్యాయం మార్చాక మళ్లీ పంపండి, చదువుతాను.